ఆగిన గంట ఖరీదు

కిందటి వారం మన కోడలిని చేతిలో కాఫీ గ్లాసుతో మావగారి గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాం. వారమంతా అలా నిలబడ్డందుకు ఆమె మనల్ని ఏమీ అడగలేదు, కాఫీనీ చల్లారనివ్వలేదు. ఆ ఇంటి అలవాటే అంత. వాళ్ళ కాంక్రీటు పంపు కూడా ఎవరు ఎంతసేపు నిలబెట్టినా నోరు విప్పదు. అందుకే రేపు పొద్దున్న అది చేతులు మారబోతోంది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు మనుషులూ ఒక పంపూ. పంపంటే నీళ్ళ మోటారనుకునేరు. లారీ వీపు మీద కూర్చుని, మడిచిన ఇనప చేతిని మేడ మీదికి చాచి, కింద తొట్టిలో పోసిన కాంక్రీటును పైనెక్కడో స్లాబు మీద కక్కే యంత్రం. మావగారు దాన్ని ముద్దుగా పెద్దపిల్ల అంటారు. అత్తగారు సవతి అంటారు, అందులో ముద్దేమీ లేదు. నడిపేది కోడలి భర్త కాబట్టి అతను ఏమీ అనడు, అసలు అతను దేని గురించీ పెద్దగా ఏమీ అనడు. పనికి కొదవ లేదు. పని పెరిగేకొద్దీ ఇంట్లో డబ్బు ఎందుకు తగ్గుతోందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి మొన్న భోజనాల దగ్గర మావగారు కంచంలోకి చూస్తూ, పెద్దపిల్లను కంపెనీ ఆయనకు ఇచ్చేద్దాం అన్నారు. కంపెనీ ఆయనకు ఇలాంటి పంపులు వరసగా ఉన్నాయి. కొడుకు అక్కడే జీతానికి కుదురుకుంటాడు. కొడుకు తల ఊపాడు. అప్పట్నుంచీ భార్య కళ్ళలోకి చూడటం మానేశాడు. ఇవాళ వాన వల్ల పని లేకపోయినా, చిన్న పనుందంటూ తడుస్తూనే బయటికెళ్ళాడు.

పంపు పోతే మొగుడు ఎలా అయిపోతాడో కోడలికి తెలుసు. పొద్దున్నే దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరును కాలితో తట్టి, అప్పుడు గాని టీ తాగని మనిషి. ఇంకొకరి తాళంచెవి జేబులో వేసుకుని, ఇంకొకరు చెప్పిన చోటికి వెళ్ళే ఆ మనిషిని ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు. అందుకే ఆ గుమ్మం దాకా వచ్చింది.

ఆమె లోపలికెళ్ళి కాఫీ అందించింది. మావగారు గ్లాసు అందుకుని కోడలి ముఖం వైపు చూశారు.

"రేటు గురించే అయితే ఇది తాగాక అడుగమ్మా. రెండు చేదులు ఒకేసారి వద్దు."

ఆమె ఎదురుగా కూర్చుని, ఆయన తాగేదాకా ఓపిక పట్టింది. ఆయన కావాలని నెమ్మదిగా తాగారు. ఆమె కూడా కావాలనే కదల్లేదు. గ్లాసు ఖాళీ అయ్యాక ఇక తప్పదని ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

మావగారు ధర పెట్టే పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసు. ఏడాదికోసారి కొత్త కస్టమరులా గొంతు మార్చి కంపెనీకి ఫోను చేస్తారు. క్యూబిక్ మీటరు కాంక్రీటు ఎక్కించడానికి ఎంతని అడుగుతారు. వాళ్ళు చెప్పినదానికి కాస్త తగ్గించి అదే తన రేటు అంటారు. గొంతు మార్చడంలో ఆయన ప్రతిభ ఎలాంటిదంటే, కిందటిసారి అవతలి అమ్మాయి రేటు చెప్పి, మోకాలి నొప్పి తగ్గిందా పెద్దాయనా అని కూడా అడిగింది.

కోడలు ఆ కంపెనీ చేత పని చేయించుకున్న ఒక ఇంటావిడతో మాట్లాడి వచ్చింది. ఫోనులో చెప్పే రేటు అక్కడ ఉత్త గుమ్మం రేటేనట. లోపలికి అడుగుపెడితే ఒక్కో గదికీ ఒక్కో టిక్కెట్టు. పంపు దూరం నుంచి వస్తే రాకపోకలకు వేరే. ఇంటి వెనక్కి పైపులు అదనంగా కలిపితే వేరే. మొదట్లో పైపు తడపడానికి పోసే సిమెంటు పాలకూ, పనయ్యాక పంపు కడగడానికీ వేరే. పని ఎంత చిన్నదైనా ఇంతకు తక్కువ తీసుకోమని ఒక కనీసపు ధర. ఇక అన్నిటికంటే పెద్దది, పంపును నిలబెడితే గంటకు ఇంతని.

"మీరు ఆయన గుమ్మం రేటు చూసి, దానికి తగ్గించి, ఇల్లంతా రాసిచ్చేస్తున్నారు మావయ్యా."

మావగారు నవ్వారు. నిజానికి ఆయనకు కోపం రావాలి, కానీ ఆ కోడలు మాట్లాడితే ఆయనకు ముందు నవ్వే వస్తుంది, కోపం వెనకాల నిలబడి తన వంతు కోసం చూసి చూసి వెళ్ళిపోతుంది. ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. డీజిలు మనది కాదా అంది. మనదే అన్నారు. పైపులు వంపుల దగ్గర అరిగిపోతే కొత్తవి ఎవరు వేస్తున్నారంది. మనమే అన్నారు. చారెడు మెట్లకు పోసినా, మూడంతస్తులకు పోసినా పంపుకు స్నానం ఒక్కలాంటిదే కదా అంది. ఒక్కలాంటిదే, ఒక్క ముద్ద లోపల ఉండిపోయినా గట్టిపడి ప్రాణం తీస్తుంది అన్నారు. అలా రాకపోకలకూ, పైపులకూ, స్నానానికీ, కనీసపు ధరకూ ఆయన ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి ఆమెకే భయం వేసింది.

నిలబెట్టిన గంటల దగ్గరికి వచ్చేసరికి ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"అది మాత్రం వద్దమ్మా."

మిగతావన్నీ చిల్లర. అసలు చిల్లు అక్కడే ఉందని ఆమె కళ్ళారా చూసింది. ఒకరోజు భర్తకు క్యారేజీ తీసుకుని పని దగ్గరికి వెళ్ళింది. అక్కడి కాంట్రాక్టరుకు ఇంట్లో ముద్దుపేరు ఇదిగోగారు. కాంక్రీటు లారీ ఏదని అడిగితే ఇదిగో వచ్చేసింది అంటాడు, లారీ మాత్రం ఇంకా బయల్దేరి ఉండదు. ఆ రోజు ఆమె వెళ్ళేసరికి పంపు చెయ్యి ఆకాశంలోకి చాచుకుని నిలబడి ఉంది. ఎవరో ఏదో చేతిలో పెడతారని చూస్తున్నట్టు. ఆమె క్యారేజీ విప్పింది, వడ్డించింది, కడిగింది, సర్దింది. పంపు చెయ్యి అలాగే ఉంది. చెక్కలు కొట్టేవాళ్ళు పడుకుని ఉన్నారు, వాళ్ళకు రోజుకూలి వస్తుంది. ఇనుము కట్టేవాళ్ళు పేకాడుతున్నారు, వాళ్ళకూ వస్తుంది. కాపలా మనిషి గొడుగు కింద కునుకు తీస్తున్నాడు, అతనికి నెలజీతం. అక్కడ ఊరికే నిలబడ్డది తన మొగుడూ, మొగుడి పంపూ మాత్రమే. అన్నం తింటుండగా మొగుడికి పొలమారితే ఆమె తల మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంది. ఎవరూ తలుచుకోవడం లేదు, అందుకే ఇలా ఉన్నాం అన్నాడతను. నెలకోసారి గాని హాస్యమాడని మనిషి అలా అన్నాక ఆమె మిగిలిన కూరంతా అతనికే వేసింది.

అదంతా ఆమె మావగారికి చెప్పింది, పొలమారడంతో సహా. ఆయన విన్నారు. కిటికీ చువ్వల మీద జారుతున్న వాన వైపు తిరిగారు.

"ఒకరి ఇంటి కప్పు సగంలో ఉండగా నేను గడియారం చూడలేనమ్మా. చూసి బతకడం కంటే అమ్ముకోవడం నయం."

ఆమెకు అప్పుడు వెలిగింది. ఈయన పంపును అమ్ముతున్నది నష్టానికి భయపడి కాదు. నష్టం పోవాలంటే చేయాల్సిన పనికి భయపడి. ఇన్నాళ్ళూ మొహమాటం అనుకున్నదాని కింద ఇంకేదో ఉంది. అది అడిగితే వచ్చేది కాదనిపించింది. వంటింట్లోంచి గిన్నెలో చుక్క పడిన చప్పుడు వినిపించింది. టప్. కాసేపటికి ఇంకొకటి.

మావగారు లేచి నిలబడి, రా అమ్మా అన్నారు.

వంటింట్లో అత్తగారు పీట మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు. పక్కనే వాన గిన్నె. ఆ గిన్నెకు ఇంట్లో వేరే ఉద్యోగం లేదు. వంటింటి కప్పుకు అడ్డంగా, ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా, ఒక గీత ఉంది. వానాకాలంలో అది చెమర్చి, నడిమధ్యన చుక్కై రాలుతుంది. ఎన్ని పూతలు పూసినా అంతే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి ఎందుకు ఓ మూలకు జరిపి ఉందో తెలియక, మధ్యకు లాగి వంట మొదలుపెట్టి, సాంబారులో వాన పోయించుకుంది. ఆ రోజు ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. ఆ ఇంటి మీద ఆమెకు ప్రేమ మొదలైంది అక్కడే.

ఆ గీత ఎలా వచ్చిందో మావగారు ఇప్పుడు చెప్పారు. పైకి చూస్తూ చెప్పారు, మనుషుల ముఖాలు చూడాల్సిన పని లేకుండా.

ఈ ఇల్లు కడుతున్నప్పుడు ఆయనకు పంపు లేదు, వేరే చోట గుమాస్తా పని. సందు లోపల ఇల్లు కావడంతో ఒక పంపు మాట్లాడారు. సగం కప్పు పోశాక, మిగతా కాంక్రీటు తెచ్చే లారీ దారిలో ఎక్కడో ఆగిపోయింది. పంపాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకాసేపు ఆగాలంటే ముందు డబ్బు చేతిలో పెట్టమన్నాడు. చేతిలో ఉన్నది లారీకే సరిపోదు. పంపాయన మళ్ళీ గడియారం చూసుకుని, ఇనప చెయ్యి మడిచి, సందులోంచి వెనక్కి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. లారీ వచ్చాక ఇరుగుపొరుగు అందరూ తట్టలు పట్టుకున్నారు. అత్తగారు కూడా కొంగు బిగించి మోశారు. కానీ అప్పటికే మొదటి సగం బిగుసుకుపోయింది. బిగిసిన కాంక్రీటూ కొత్త కాంక్రీటూ కలిసిపోవు, పక్కపక్కన పడుకుంటాయంతే. మధ్యలో నీటికి ఎప్పుడూ దారి ఉంటుంది.

"ఆ రోజు మీ అత్తయ్య నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే నా పంపు నిలబడ్డందుకు నేనెవరి దగ్గరా తీసుకోలేదు."

చెక్కు తీస్తున్న కత్తి ఆగింది. అత్తగారు తలెత్తారు.

"ఏమని వేయించుకున్నాను?"

"అదే. నిలబడ్డందుకు డబ్బు తీసుకోనని."

"నేనా?" అత్తగారు కత్తి పక్కన పెట్టారు. "మనకంటూ పంపుంటే ఎవరి కప్పూ సగంలో వదిలి రావద్దన్నాను. నేనన్నది అంతే. ఊరికే నిలబడమని ఎప్పుడన్నాను?"

"వదిలి రాకూడదంటే నిలబడాలిగా."

"నిలబడండి. పనయ్యాక దానికి తీసుకోండి. తట్టలు మోసిన వీధి మనుషులందరికీ నేను మర్నాడు భోజనం పెట్టాను, గుర్తుందా? ఎవరూ వద్దనలేదు. వాళ్ళు మోసింది ప్రేమతో కాదా ఏం?"

మరి ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని మావగారు మెల్లగా అడిగారు. మీరు తీసుకోవడం లేదని నాకెవరు చెప్పారు, వ్యాపారంలో నష్టమంటే నష్టమే కాబోలనుకున్నాను అన్నారు అత్తగారు. ఒకరి మాటకు ఒకరు కట్టుబడి, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇద్దరూ కలిసి ఒక పంపును దాదాపు అమ్మేసేదాకా తెచ్చారు. పక్కపక్కనే పడుకున్నారు పాపం, మధ్యలో మాత్రం డబ్బుకు ఎప్పుడూ దారి ఉంది. కోడలు నవ్వు దాచుకోవడానికి వాన గిన్నె తీసి పారబోసి వచ్చింది.

వచ్చేసరికి మావగారు అత్తగారి ఎదురుగా నేల మీద చతికిలబడి ఉన్నారు. మోకాలి నొప్పి మనిషి, మళ్ళీ లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"నువ్వు ఈ ఇంట్లో ఇన్నేళ్ళు నిలబడ్డావు. నీకేం ఇచ్చాను?" అన్నారు.

"లెక్క రేపు చూద్దాం. ముందు పిల్ల ఏదో చెప్పాలని చూస్తోంది," అని అత్తగారు బీరకాయ మళ్ళీ తీసుకున్నారు. చెక్కు మాత్రం ఈసారి చాలా మందంగా వచ్చింది.

కోడలు కూడా కింద కూర్చుని తన ఆలోచన చెప్పింది. ప్రతి పనికీ మొదటి గంట ఆగడం మన ధరలోనే కలిపేద్దాం. ఎవరి లారీ అయినా కాస్త ఆలస్యం కావచ్చు. ఆ తర్వాత ఆగిన ప్రతి గంటకూ ఇంతని. అది పని మధ్యలో అడగం, పనంతా అయ్యి, పంపు కడుక్కున్నాక చెబుతాం. నిలబెడితే ఖర్చవుతుందని తెలిస్తే ఇదిగోగారు కూడా లారీ బయల్దేరాకే ఇదిగో అంటాడు. ఇక ధర చెప్పేటప్పుడు అన్నిటికంటే ముందు ఒక మాట చెబుదాం. మొదలుపెట్టిన కప్పును మా పంపు సగంలో వదలదు.

"కంపెనీ ఆయన ఆ మాట చెప్పలేడు మావయ్యా. జనం మన దగ్గర కొనుక్కునేది అదే. మీరు దాన్ని ఇన్నాళ్ళూ కొసరుగా వేసి ఇస్తున్నారు."

మావగారికి ఇంకా ఒక ముల్లు మిగిలింది. మనలాంటివాళ్ళు ఉంటారుగా, అప్పు తెచ్చి కప్పు వేసుకునేవాళ్ళు, వాళ్ళను కూడా అడగాలా అన్నారు. ఆమె దానికి ముందే జవాబు అనుకుని వచ్చింది. అలాంటివాళ్ళకు మీ ఇష్టం వచ్చినంత తగ్గించండి, కానీ ధర చెప్పి తగ్గించండి అంది. చెప్పకుండా వదిలేస్తే, ఇచ్చినట్టు మనకూ తెలియదు, పుచ్చుకున్నట్టు వాళ్ళకూ తెలియదు. ఆ మాటకు ఆయన చాలాసేపు కోడలి తల మీద చెయ్యి వేసి ఉంచారు. పంపు ఇవ్వను అని ఒక్క మాటన్నారు. రేపు పొద్దున్న కంపెనీ ఆయన వస్తే కాఫీ ఇచ్చి పంపేద్దామన్నారు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. కప్పు నుంచి పడిందని చెప్పుకోవడానికి వీలుగా అప్పుడే ఒక చుక్క పక్కన పడింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మావగారు చెవి మందం వల్ల ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతారు, ఆ ఇంట్లో వ్యాపార రహస్యాలు వీధి చివరి దాకా తెలుసు. ఇదిగోగారే. వాన తగ్గగానే ఇంకో స్లాబు ఉంది, ఎంత తీసుకుంటారని అడిగాడు. మావగారు కోడలి వైపు చూశారు. ఆమె తల ఊపింది. సూదిమందు వేయించుకునే మనిషిలా కళ్ళు మూసుకుని, ఆయన మొత్తం చెప్పారు. సగంలో వదలం అన్న మాట, తర్వాత కొత్త రేటు, పైపులు, స్నానం, చివరికి ఆగిన గంటలు. ఆ చివరిది చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి అత్తగారి మోకాలి మీద ఉంది.

అవతల చప్పుడు లేదు. ఫోను పోయిందేమో అనుకున్నారు.

"ఇంతేనా అండీ?" అన్నాడు ఇదిగోగారు. "కంపెనీ ఆయన ఇదే పంపుకు ఇంతకంటే ఎక్కువ చెప్పాడు నాకు. రేపట్నుంచి మీ పంపు తనదేనట. మీ అబ్బాయికి బయానా కూడా ఇచ్చేశానన్నాడు."

మావగారు కళ్ళు తెరిచారు. అత్తగారి కత్తి మళ్ళీ ఆగింది. కోడలు లేచి నిలబడింది. రెండు రోజులుగా భర్త తన కళ్ళలోకి ఎందుకు చూడటం లేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అతని తప్పని ఎవరనగలరు? ఇచ్చేద్దామని కన్నతండ్రి కంచం ముందు అన్న మాటను నమ్మాడు.

గేటు చప్పుడైంది. అతనే. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతుల్లో రెండు పెద్ద డబ్బాలు, కప్పుకు పూసే మందువి. ఇంకో నాలుగు వెనక ట్రాలీలో ఉన్నాయి. ట్రాలీ పక్కన సంచులు నెత్తిన కప్పుకుని ఇద్దరు పనివాళ్ళు నిలబడి ఉన్నారు. అతను సరాసరి వంటింట్లోకి వచ్చి, డబ్బాలు దించి, భార్య కళ్ళలోకి చూశాడు. నవ్వాడు కూడా. పెళ్ళిలో తప్ప ఆమె అలాంటి నవ్వు చూడలేదు.

"ఆ గిన్నె తీసెయ్. ఇక నీ పొయ్యి నడిమధ్యన పెట్టుకోవచ్చు. అతుకంతా తవ్వి కొత్తగా నింపుతారు."

పంపు ఎలాగూ పోతోంది, ఆ బయానా డబ్బుతో ముందు ఇదొక్కటి చేయాలనుకున్నానన్నాడు. మందు కొనేశాడు. పనివాళ్ళకు కూలి కూడా ముందే ఇచ్చేశాడు. వాన పడుతుంటే వాళ్ళెలా పని చేస్తారని అత్తగారు అడిగారు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఆగేదాకా నిలబడతారమ్మా. నిలబడ్డందుకు కూడా కలిపి ఇచ్చాను."

అతను ఒక్కొక్కరి ముఖం చూస్తూ పోయాడు. నవ్వు మెల్లగా సగంలో ఆగిపోయింది. కోడలు కొంగుతో అతని తల తుడవడం మొదలుపెట్టింది, ఎలా చెప్పాలో తెలియక.

నేల మీద ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. వాళ్ళ పంపును అన్నిసార్లు ఊరికే నిలబెట్టిన మనిషి అవతల ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

"తొందరేం లేదు, నేను ఆగుతాను," అంది ఆ ఫోను. "ఇంతకీ రేపటికి పంపు ఎవరిదండీ?"